సిగ్నల్ లేని రోడ్డుకు కూడా డిజైన్ కావాలె



పోస్టు కొంచెం పొడుగే ఉంటది. హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్, పాలిటెక్నిక్, డిగ్రీ చదివేటోళ్లు మాత్రం చివరిదాకా చదవండి. జనవరి వచ్చిందంటే రోడ్డు భద్రత మాసం అని కాలేజీ నోటీసు బోర్డు మీద పోటీల కాగితాలు పడతయి. వ్యాసరచన, పోస్టర్, వాటితోని డిజైన్ పోటీ. "రోడ్డు ప్రమాదాలు తగ్గించేటందుకు, ట్రాఫిక్ నియంత్రణకు మీ ఐడియా ఏంది? నమూనా చేసి చూపించండి" అని ఉంటది. మనోళ్లు ఎక్కువ మంది ఆ కాగితం చదివి పక్కకు పోతరు. అది టాపర్లకు, ల్యాప్‌టాప్ ఉన్నోళ్లకు అనుకుంటరు. అట్ల పోవద్దని చెప్పేటందుకే ఇది రాస్తున్న.

నాది ఇంద్రవెల్లి మండలంల ఒక గూడెం. కరీంనగర్‌ల హాస్టల్లో ఉండి ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గేటు దాటింది నేనే మొదలు. సెలవులకు ఇంటికి పోవాలంటే లక్షెట్టిపేట, జన్నారం, ఉట్నూర్ మీదుగ పోత. అంటే సిగ్నళ్లున్న చౌరస్తాల కాడ బస్సెక్కి, ఒక్క వీధి దీపం కూడ లేని రోడ్డు మీద దిగుత. ఈ రెండు రోడ్లూ నాకు తెలుసు. పోటీలో నాకు పనికొచ్చింది ఇదే.

ముందుగాల ఈ పోటీలు ఏమేం ఉన్నయో చెప్త. అందరికంటే పెద్దది స్మార్ట్ ఇండియా హ్యాకథాన్. 2017ల మొదలైంది. ప్రభుత్వ శాఖలు తమ సమస్యలను రాసి ఇస్తయి, విద్యార్థులు పరిష్కారం చూపాలె. టీముకు ఆరుగురు, అందుల కనీసం ఒక అమ్మాయి ఉండాలె. సాఫ్ట్‌వేర్ ఫైనల్ అయితే 36 గంటలు ఆగకుండ పని చెయ్యాలె. దానికి ముందు ఏ కాలేజీకి ఆ కాలేజీల లోపలి పోటీ పెడతరు. బడి పిల్లలకు ఇన్‌స్పైర్ మానక్ ఉంది. ఐడియా ఎంపికైతే నమూనా చేసుకునేటందుకు 10 వేల రూపాయలు పిల్లల ఖాతాలనే వేస్తరు. మన ఆశ్రమ పాఠశాలల పిల్లలకు ఈ సంగతి తప్పకుండ చెప్పండి. మన రాష్ట్రంల ఇన్నోవేషన్ సెల్ వాళ్లు 2019ల మొదలుపెట్టిన "ఇంటింటా ఇన్నోవేటర్" కూడ ఉంది. దానికి చదువుతోని పని లేదు. రైతైనా, మెకానిక్ అయినా, ఇంట్ల ఉండే అమ్మ అయినా పంపొచ్చు. ఎంపికైనవి ఆగస్టు 15న జిల్లా కేంద్రంల ప్రదర్శనకు పెడతరు.

మా కాలేజీల పెట్టిన రోడ్డు భద్రత డిజైన్ పోటీకి కూడ టీముల ఒక అమ్మాయి ఉండాలె అనే రూలు పెట్టిన్రు. నన్ను పిలిచింది అందుకే. మా క్లాసు అబ్బాయిలు ఐదుగురు ముందే కలిసిన్రు, ఒక పేరు తక్కువైంది. "నువ్వు పేరు ఇస్తే చాలు, పని మేం చేసుకుంటం" అన్నరు. నేను పేరు ఇచ్చిన. మొదటి రోజు కూసొని వాళ్ల మాటలన్నీ విన్న. యాక్సిడెంట్ అయితే బండిలున్న పరికరం తనంతట తానే ఇంటోళ్లకు మెసేజ్ పంపుతది, అది చేద్దామన్నరు. జీపీఎస్ తోని చోటు తెలుస్తది, సిమ్ కార్డు తోని మెసేజ్ పోతది. నేను ఒక్క మాట అడిగిన. "జన్నారం దాటినంక అడవిల ఫోన్‌కు ఒక్క గీత కూడ రాని జాగాలు చాన ఉంటయి. అక్కడ పడిపోతే మెసేజ్ ఎట్ల పోతది?" అందరూ గమ్మున అయిన్రు. టీము లీడరు మంచోడు. "అయితే మీ దిక్కు ఏం జరుగుతదో నువ్వే చెప్పు" అన్నడు. అప్పుడు మా మామ సంగతి చెప్పిన.

మా అమ్మ పుట్టింటోళ్లు మెస్రం వంశం. రెండేండ్ల కింద మా మామ ఎడ్లబండి మీద పత్తి గింజల సంచులు, ఇంటి సామాన్లు ఏసుకొని పొద్దుగూకినంక ఊరికొస్తుండు. వెనక నుంచి ట్రాలీ ఆటో వచ్చి గుద్దింది. ఆటో డ్రైవరు తాగలేదు, మరీ జోరుగ కూడ రాలేదు. ఎదురుంగ వచ్చే బండి లైటు కండ్లల్ల పడ్డది, ముందట ఎడ్లబండి ఉన్నదని దగ్గరికొచ్చేదాక కానరాలేదు. ఒక ఎద్దు అక్కడికక్కడే పాయె. మామ కుడికాలు విరిగింది, లోపల రాడ్ ఏసిన్రు. మళ్ల ఎద్దు కొనలేక ఆ యేడు కౌలుకు ఇచ్చుకున్నడు. ఆ రాత్రి 108 వచ్చేదాక రోడ్డు మీద పండుకొని ఉంటే రెండు బండ్లు ఆగి చూసి, కేసు మీద పడ్తదేమోనని పోయినయట. అందరూ తెలుసుకోవాలె, 2019ల మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు 134ఏ అనే సెక్షన్ పెట్టిన్రు. గాయపడ్డోళ్లను మంచి మనసుతోని దవాఖానకు తీసుకపోయినోళ్ల మీద కేసు ఉండదు. ఇష్టం లేకుంటే పేరు కూడ చెప్పే పని లేదు.

మామ ఒక్కడి సంగతని అనుకోవద్దు. కేంద్ర రవాణా శాఖ యేటేటా లెక్కలు తీస్తది. 2022ల దేశంల రోడ్డు ప్రమాదాల్ల చనిపోయినోళ్లు 1,68,491 మంది. 2023ల ఆ లెక్క 1,72,890కి పెరిగింది. 2022 లెక్కలల్ల ఇంకో ముచ్చట ఉంది. చనిపోయినోళ్లల్ల దాదాపు 68 శాతం మంది పోయింది గ్రామీణ ప్రాంతాల రోడ్ల మీద. టూవీలర్ మీద పోయేటోళ్లు 44.5 శాతం, నడిచిపోయేటోళ్లు 19.5 శాతం. అంటే వందకు అరవై నాలుగు మంది చుట్టూ ఇనుప డబ్బా లేనోళ్లే. బైకు మీద ముగ్గురు పోయేటోళ్లు, అంగడికి నడిచి పోయేటోళ్లు. వీళ్లు ఎవరో మనకు వేరే చెప్పాల్నా?

ఇప్పుడు పోటీ రోజు ఆ హాల్‌ల ఏమేం పెట్టిన్రో చెప్త. తాగినోడు పెట్టుకుంటే బైకు స్టార్ట్ కాని హెల్మెట్. డ్రైవరు కండ్లు మూస్తే మోగే కెమెరా. రోడ్డు మీద గుంతలు గుర్తుపట్టే ఫోన్ యాప్. బండ్లను లెక్కపెట్టి టైము మార్చుకునే సిగ్నల్. అన్నీ తెలివైనయే, నేను ఎక్కిరిస్తలేను. ఆ సిగ్నల్ చేసినోళ్ల పని చూసి నేను చాన నేర్చుకున్న. గీతాభవన్ చౌరస్తాల మూడు రోజులు నిలబడి, ఏ దిక్కు నుంచి గంటకు ఎన్ని బండ్లు వస్తున్నయో లెక్క రాసిన్రు. సిగ్నల్ ఒక చుట్టు తిరిగేటందుకు ఎన్ని సెకన్లుండాలె అని 1958ల ఇంగ్లండ్‌ల వెబ్‌స్టర్ అనే ఆయన సూత్రం ఇచ్చిండు. చుట్టు మరీ చిన్నగ పెడితే రంగు మారినప్పుడల్ల వృథా అయ్యే సెకన్లే ఎక్కువైతయి. మరీ పొడుగు పెడితే బండ్లు లేని దిక్కుకు కూడ పచ్చలైటు ఎలుగుతనే ఉంటది, మిగిలినోళ్లు ఎండల నిలబడాలె. రెండిటి నడుమ సరైన జాగా ఎక్కడ ఉన్నదో ఆ లెక్క చెప్తది. వాళ్లు దానికి కెమెరా జోడించిన్రు. 2017ల స్మార్ట్ సిటీల జాబితాల చేరిన కరీంనగర్ అసొంటి పట్నానికి అది కావల్సిన పనే. మొదటి బహుమతి వాళ్లకే వచ్చింది, న్యాయంగనే వచ్చింది.

కాని ఆ హాల్‌ల పెట్టిన నమూనాలన్నీ ఒక్క రోడ్డునే చూస్తున్నయి. దానికి కరెంటు ఉంటది, నెట్‌వర్క్ ఉంటది, సిగ్నల్ ఉంటది, పోలీసు ఉంటడు. చావులు ఎక్కువ జరిగే రోడ్డుకు ఇందుల ఏదీ లేదు. పోటీకి వచ్చేటోళ్లు, మార్కులు వేసేటోళ్లు పట్నం రోడ్డు మీద తిరిగేటోళ్లు. కండ్ల ముందు ఉన్నదే సమస్య లెక్క కనబడ్తది. అది వాళ్ల తప్పు అని అనను. మనం అక్కడ లేకపోవుడే అసలు లోటు.

ఇంకో సంగతి కూడ ఆలోచించండి. ప్రమాదాలు ఎక్కువ జరిగే చోటును బ్లాక్ స్పాట్ అంటరు. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కల మూడేండ్లల్ల ఐదు ప్రాణాంతకమైన లేదా తీవ్ర గాయాల ప్రమాదాలన్న జరగాలె, లేకుంటే పది మందన్న చనిపోవాలె. అట్లయితే దాన్ని గుర్తించి బాగు చేస్తరు. నిర్మల్, ఆదిలాబాద్ మీదుగ పోయే 44వ నంబరు రహదారికి ఈ లెక్క పనికొస్తది. మా గూడెం రోడ్డుకు పనికిరాదు. మాది జాతీయ రహదారి కాదు. పైగ మా దిక్కు ఒకడు ఈ మూలమలుపు కాడ పడ్తడు, ఇంకొకడు రెండు కిలోమీటర్ల అవతల కల్వర్టు కాడ పడ్తడు, మూడోవాడు చెరువు కట్ట మీద. నలభై కిలోమీటర్ల రోడ్డు పొడుగూత చావులు చెల్లాచెదురుగ ఉంటయి. ఏ ఒక్క అరకిలోమీటర్ల కూడ ఐదు లెక్క తేలదు. కాబట్టి లెక్క ప్రకారం మా రోడ్డు మంచిది!

సరే, మేం ఏం చేసినమో చెప్త. ఎడ్లబండికి, నడిచేటోళ్లకు రేడియం టేపు. అంతే. మనం రేడియం స్టిక్కర్ అంటం గాని దాంట్ల రేడియం ఏం ఉండదు. సన్నటి గాజు పూసలో, ప్రిజంలో ఉంటయి. లైటు ఎటు నుంచి వచ్చిందో అటే మళ్ల పంపుతయి. అందుకే లైటు ఏసిన డ్రైవరుకు మెరిసినట్టు కనబడ్తది. బ్యాటరీ వద్దు, చార్జింగ్ వద్దు, నెట్‌వర్క్ వద్దు.

"దీంట్ల డిజైన్ ఏముంది, కొనుక్కొచ్చి అంటించుడే కదా" అంటరని మాకు తెలుసు. అంటించి చూడండి, తెలుస్తది. ఎడ్లబండి కట్టె మీద దుమ్ము, పేడ, నూనె ఉంటయి. టేపు రెండు రోజులకే ఊడుతది. మేం పాత నూనె డబ్బా రేకు కత్తిరించి, తుడిచి, దాని మీద టేపు అంటించి, రేకుకు బొక్కలు పెట్టి బైండింగ్ వైరుతోని బండికి కట్టినం. వానాకాలం బురద పడితే తడి బట్టతోని తుడిస్తే సరి. బండి మారిస్తే రేకు విప్పి ఇంకో బండికి కట్టుకోవచ్చు.

వెనక నడుమ ఒక్కటే పెడితే చీకట్ల బైకు లెక్క కనబడ్తది, పక్క నుంచి దూరిపోదామనుకుంటరు. అందుకని వెనక రెండు చివర్లకు రెండు ఎర్ర రేకులు పెట్టినం. అప్పుడు బండి ఎంత వెడల్పు ఉందో దూరం నుంచే అర్థమైతది. ముందు దిక్కు తెల్లవి. ఎత్తు మోకాలికి నడుముకు మధ్యల ఉండాలె, డిమ్ లైటు ఎక్కువ పడేది అక్కడే. చక్రానికి కూడ ఒక ముక్క కట్టినం. చక్రం తిరుగుతుంటే అది పైకి కిందికి మిణుకుమంటది. ఎదురుంగ ఉన్నది ఆగి ఉన్న వస్తువా, మెల్లగ పోయే బండా అన్నది దాంతోని తెలిసిపోతది. ఈ చక్రం ఐడియా నాది కాదు, మా మామది. కాలు విరిగి మంచంల పండుకున్నప్పుడు ఆ రాత్రి గురించి ఎన్నిసార్లు ఆలోచించిండో.

పోటీల మా వంతు వచ్చింది. టీము తరఫున నేనే మాట్లాడిన, తెలుగులనే. జడ్జీల ఒక సారు రేకును చేతుల పట్టుకొని అటు ఇటు తిప్పి, "ఇందులో టెక్నాలజీ ఎక్కడుందమ్మా?" అన్నరు. హాల్‌ల కొందరు నవ్విన్రు. నేను చెప్పిన: "సార్, టెక్నాలజీ టేపులనే ఉన్నది. మేం చేసింది దాన్ని ఎక్కడ పెట్టాలె, ఎట్ల పెడితే ఊడిపోదు, నూటయాభై రూపాయల లోపల ఎట్ల ఐతది అన్నది." ఇంకో మేడం అడిగిన ప్రశ్న మంచిది. "ఇది పనిచేస్తుందని రుజువు ఏది?" అన్నరు. ఎక్కిరింత కాదు, నిజంగనే అడిగిన్రు. మాకు బహుమతి రాలేదు. నేను ఆ ప్రశ్న పట్టుకొని సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన.

మా గూడెం బయట రోడ్డు సాఫుగ, నిటారుగ ఉన్న చోట మామ బండిని ఎడ్లు లేకుండ పక్కకు నిలబెట్టినం. మా అన్న బైకు డిమ్ లైటు ఏసుకొని దూరం నుంచి మెల్లగ వస్తడు. ముందట ఏదో ఉన్నదని తెల్వంగనే ఆగుతడు. నేను అడుగులు లెక్కపెడ్త. రేకులు లేనప్పుడు 34 అడుగుల దూరంల ఆగిండు. రేకులు కట్టినంక 210 అడుగుల అవతల, కల్వర్టు కాడనే ఆగిండు. మా అన్నకు బండి అక్కడున్నదని ముందే తెలుసు కదా అని, తెలియని ఇద్దరు పోరగాండ్లను కూడ పిలిచి చేయించినం. అటు ఇటుగ అదే లెక్క వచ్చింది. నా ఒక అడుగు ముప్పావు మీటరు. అంటే 25 మీటర్లు ఎక్కడ, 150 మీటర్లు ఎక్కడ!

ఆ దూరం ఎందుకంత ముఖ్యమో సివిల్ చదివే సీనియర్ అక్క చెప్పింది. గంటకు 60 కిలోమీటర్ల మీద వచ్చే బండి, ఎదురుంగ ఉన్నది చూసి, బ్రేక్ కొట్టి, పూర్తిగ ఆగేటందుకు సుమారు 80 మీటర్లు కావాలె. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ఇది. అందుల సగం దూరం బ్రేక్ మీద కాలు పెట్టకముందే అయిపోతది. డ్రైవరు చూసుడు, మెదడు తెలుసుకునుడు, కాలు కదులుడు, దానికే రెండున్నర సెకన్లు పట్టుకుంటరు. 25 మీటర్ల దూరంల కనబడితే ఎంత మంచి డ్రైవరైనా గుద్దుతడు. 150 మీటర్ల దూరంల కనబడితే సగటు డ్రైవరు కూడ ఆపుతడు. మామను గుద్దినాయన మీద మా ఇంట్ల అందరికీ కోపం ఉండె. ఈ లెక్క చూసినంక మా అమ్మ, "గట్లయితే ఆయన గూడ ఏం జేస్తడు బిడ్డా" అన్నది.

అప్పటికే పుష్యమాసం. మెస్రం వంశం వాళ్లు నాగోబా పూజ కోసం హస్తలమడుగు నుంచి గంగాజలం తెచ్చేది అప్పుడే. జన్నారం మండలం దాక కాలినడకన పోయి, గోదావరి నీళ్లు తీసుకొని, మళ్ల నడుచుకుంటనే కేస్లాపూర్ వస్తరు. జాతరకు ఊర్ల నుంచి ఎడ్లబండ్లు కదుల్తయి. రోడ్డు భద్రత మాసం, నాగోబా జాతర ఒక్కతీరుగనే వస్తయి. కాలేజీల ర్యాలీలు తీస్తున్న రోజుల్లనే మన ముసలోళ్లు, పిల్లలు రాత్రిపూట బండ్ల మీద రోడ్డెక్కుతరు. ఇది నాకు అంతకుముందు తట్టలేదు, హాస్టల్ గదిల క్యాలెండర్ చూస్తుంటే తట్టింది.

మామ నన్ను వాళ్ల పెద్దల దగ్గరికి తీసుకపోయిండు. నేను ఆడపిల్లను, చిన్నదాన్ని, ఏమంటరో అని గుండె దడదడలాడింది. వాళ్లు పూర్తిగ విన్నరు. రెండు మాటలు చెప్పిన్రు. ఝరికి, ఝరి మోసేటోళ్లకు ఏదీ కట్టొద్దు. ఎడ్ల కొమ్ములకు కట్టొద్దు, దండలు ఉంటయి. మిగిలింది మీ ఇష్టం అన్నరు. కాబట్టి నడిచేటోళ్లల్ల వరుసకు ముందు ఒకడు, వెనక ఇద్దరు పోరగాండ్లు టేపు కుట్టిన పట్టీలు ఏసుకున్నరు. మిగిలినోళ్లవి ఎట్లాగు తెల్ల బట్టలే, ఆ ఆచారం కూడ చీకట్ల మంచిదే. మా ఊరు, పక్క ఊరు కలిపి 23 బండ్లకు రేకులు కట్టినం. టేపుకు హాస్టల్ దోస్తులు తలా కొంచెం ఇచ్చిన్రు. మా టీముల ఇద్దరు అబ్బాయిలు కరీంనగర్ నుంచి వచ్చి మా ఇంట్ల పండుకొని రేకులు కత్తిరించిన్రు. జాతర అంటే ఏందో వాళ్లు మొదటిసారి చూసిన్రు. 23 బండ్లు క్షేమంగ పోయి క్షేమంగ వచ్చినయి. అది టేపు వల్లనే అని నేను చెప్పను, ఒక్క యేడు చూసి అట్ల చెప్పుడు లెక్క కాదు. కాని ఉట్నూర్ దిక్కు పోయే ఒక లారీ డ్రైవరు ఆగి, "ఇవేందివి, దూరం నుంచే కొడుతున్నయి, మంచిగున్నయి" అన్నడని మామ ఇప్పటికీ అందరికీ చెప్తుంటడు.

"ఇంత చిన్న పనికి డిజైన్ అనే పెద్ద పేరెందుకు" అనుకునేటోళ్లకు ఇద్దరి సంగతి చెప్త. ఫిన్లాండ్‌ల చలికాలం చీకటి ఎక్కువ. అక్కడ అర్వి లెహ్తి అనే ఆయన తన గుర్రబ్బండ్లు చీకట్ల కనబడాలని మెరిసే బిళ్లలు చేసిండు. 1960ల కాలం ముచ్చట. అదే తర్వాత మనుషులు కోటుకు తగిలించుకునే బిళ్ల అయ్యి ఎన్నో దేశాలకు పాకింది. మొదలు గుర్రబ్బండి! అమెరికాల గ్యారెట్ మోర్గాన్ నల్లజాతి ఆయన. తల్లిదండ్రులు బానిసలుగ బతికినోళ్లు, ఆయన చదువు చిన్న బడితోనే ఆగింది. 1923ల మూడు స్థితుల ట్రాఫిక్ సిగ్నల్‌కు పేటెంట్ తీసుకున్నడు. ఆగు, పో అనేటియ్యే కాకుండ అన్ని దిక్కులూ ఒకేసారి ఆగే మూడో స్థితి పెట్టిండు. మనుషులు రోడ్డు దాటేటందుకు కూడ టైము దొరికింది. ఈ ఇద్దరూ తమ రోడ్డు మీద తాము చూసినదానికి మందు కనిపెట్టిన్రు.

అన్నిటికీ పరికరమే మందు కాదన్నది కూడ గుర్తుంచుకోవాలె. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ల ఆర్టీసీ బస్సు లోయల పడి 60 మందికి పైగ చనిపోయిన్రు. పట్టేదానికంటే ఎంతో ఎక్కువ మంది, వంద మంది దాక అందుల ఉన్నరు. అసొంటి దానికి సెన్సర్ పెడితే బరువు ఎక్కువైందని మోగుతది. కాని ఇంకో బస్సు లేకపోతే మోగినా జనం ఎక్కుతరు. ఇంటికి పోవాలె కదా. అక్కడ కావల్సింది ఇంకో ట్రిప్పు. ఏ ఊర్ల ఎంతమంది ఏ టైముకు ఎక్కుతున్నరో లెక్క తీసి టైంటేబుల్ మార్చి చూపించినా అది డిజైనే.

ఇప్పుడు మన గ్రూపు వాళ్లు చెయ్యగలిగినయి నాలుగు చెప్త.

ఒకటి. మీ రోడ్డుతోని మొదలుపెట్టండి, పరికరంతోని కాదు. ఊర్ల పెద్దమనుషులను, ఆశా కార్యకర్తను, ఆటోవాలాలను అడిగి, ఐదేండ్లల్ల ఎవరు ఎక్కడ పడ్డరో ఒక కాగితం మీద రోడ్డు గీసి చుక్కలు పెట్టండి. పగలా రాత్రా, నడుస్తుండెనా బైకా, ఏం గుద్దింది, ఇది రాయండి. ఆ కాగితం ఏ టాపర్ దగ్గర కూడ ఉండదు.

రెండు. ఊర్ల స్పీడ్ బ్రేకర్లు చూడండి. ఒక పిల్లగాడు పోతే ఊరంతా కోపంతోని మొరం పోసి గడ్డ కడ్తం. దానికి రంగు ఉండదు, బోర్డు ఉండదు. రాత్రి బైకు మీద వెనక కూసున్న ఆడోళ్లు దాని మీదనే ఎగిరి పడ్తరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గడ్డ 3.7 మీటర్ల వెడల్పు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటది. 25 కిలోమీటర్ల వేగంతోని సాఫుగ దాటొచ్చు. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. మనం కట్టేది దానికి ఉల్టా ఉంటది. మీ ఊరి గడ్డ కొలిచి, ఫోటో తీసి, ఎట్లుండాల్నో గీసి పెడితే అదే ఒక ప్రాజెక్టు.

మూడు. కొలవండి. "బాగ పనిచేస్తది" అంటే ఎవరూ మార్కులెయ్యరు. 34 అడుగులు, 210 అడుగులు అంటే వింటరు. పరికరాలు లేకుంటే అడుగులు ఉన్నయి, తాడు ఉంది, ఫోన్‌ల గడియారం ఉంది.

నాలుగు. టీముల అమ్మాయి ఉండాలనే రూలుతోని మిమ్మల్ని పేరుకు పిలిచినా పోండి చెల్లెలా. లోపలికి పోయినంక నోరు తెరవాల్నా వద్దా అన్నది మన చేతులనే ఉంది. మనకు తెలిసిన రోడ్డు గురించి ఆ హాల్‌ల ఇంకెవరికీ తెల్వదు.

నేను ఈసారి రేకుల లెక్కలన్నీ రాసి ఇంటింటా ఇన్నోవేటర్‌కు మామ పేరుతోని పంపిస్తున్న. చక్రం ఐడియా ఆయనది, పేరు కూడ ఆయనదే ఉండాలె. వచ్చే పుష్యానికి 300 బండ్లకు కట్టాలని అనుకుంటున్నం. జైనూర్, సిర్పూర్, నార్నూర్, గాదిగూడ, ఉట్నూర్, జన్నారం దిక్కు ఉన్నోళ్లు మీ ఊర్ల ఎన్ని బండ్లు జాతరకు కదుల్తయో, ఏ రోడ్డు మీదుగ వస్తయో కామెంట్ల రాయండి. పాత నూనె డబ్బాలు పారెయ్యకండి, అట్లనే పెట్టండి. మన కోలాం, నాయక్‌పోడ్, లంబాడా తమ్ముళ్లు మీ జాతరల దారులు కూడ చెప్పండి, రేకు అందరి బండికి ఒక్కతీరుగనే మెరుస్తది.

జై సేవా.